వెదురు గుడిసెల మహానగరం

ఒక ఊరు ఎలా పుడుతుంది? మన ఊళ్ల చరిత్ర తిరగేస్తే సామాన్యంగా ఒకటే కథ కనిపిస్తుంది. ముందు ఒక ఏరో, చెరువో ఉంటుంది. దాని ఒడ్డున నాలుగు కుటుంబాలు గుడిసెలు వేసుకుంటాయి. పొలాలు సాగులోకి వస్తాయి. బావి తవ్వుతారు, బాట వేస్తారు. తరాలు గడిచాక బడి, ఆస్పత్రి, కరెంటు, కుళాయిలు వస్తాయి. అంటే ముందు నీరు, తరవాత మనుషులు.

దీనికి పూర్తిగా తలకిందులుగా పుట్టిన ఊరొకటి ఉంది. అక్కడికి ముందు మనుషులు వచ్చారు. వందలు కాదు, వేలు కాదు, లక్షల మంది. వాళ్లు వచ్చేనాటికి అక్కడ ఉన్నవి చెట్లు నిండిన మట్టి కొండలూ, వాటి మధ్య బురద లోయలూ మాత్రమే. మిగిలినవన్నీ, అంటే నీళ్లు, మరుగుదొడ్లు, వైద్యం, తిండి, బడి, దారి, దీపం అన్నీ ఆ తరవాతే, ఆదరాబాదరాగా సమకూర్చవలసి వచ్చింది.

ఆ ఊరి పేరు కుతుపలాంగ్. బంగ్లాదేశ్ ఆగ్నేయ మూలన, కాక్స్ బజార్ జిల్లాలో ఉంది. ప్రపంచంలోని అతి పెద్ద కాందిశీకుల శిబిరాలలో ఇది ఒకటి.

ఎవరు వీళ్లు?

కాక్స్ బజార్ పక్కనే నాఫ్ నది. ఆ నదికి అవతల మయన్మార్ దేశపు రఖైన్ రాష్ట్రం. అక్కడ తరతరాలుగా నివసిస్తున్న ముస్లిం జాతి వాళ్లు రోహింగ్యాలు. 1982లో మయన్మార్ చేసిన పౌరసత్వ చట్టం వల్ల వారిలో అత్యధికులు ఏ దేశానికీ చెందని వారైపోయారు. 1978లో ఒకసారి, 1991-92లో మరొకసారి వారు పెద్ద సంఖ్యలో నది దాటి పారిపోయి వచ్చారు. కుతుపలాంగ్‌లో మొదటి శిబిరం ఆ రెండవ వలస కాలం నాటిది.

2017 ఆగస్టు 25న రఖైన్‌లో ఒక సాయుధ దళం పోలీసు స్థావరాలపై దాడి చేసింది. ఆ వెంటనే సైన్యం విరుచుకుపడింది. గ్రామాలకు గ్రామాలే తగలబడిపోయాయి. కొద్ది నెలలలోనే 7 లక్షల మందికి పైగా ప్రాణాలు అరచేత పెట్టుకొని బంగ్లాదేశ్ చేరుకున్నారు. వారిలో సుమారు సగం మంది పిల్లలే. పాత శిబిరం చుట్టూ ఉన్న కొండల మీద వెదురుతో, ప్లాస్టిక్ పట్టాలతో గుడిసెలు లేచాయి.

ఇప్పుడు ఒక చిన్న లెక్క చేద్దాం. కుతుపలాంగ్, దానిని ఆనుకున్న బాలుఖాలి కలిసిన ఈ మహాశిబిరం వైశాల్యం సుమారు 13 చదరపు కిలోమీటర్లు. అందులో ఉన్నవారు 6 లక్షలకు పైగా. చదరపు కిలోమీటరుకు ఎంతమంది? 46 వేలు! 2011 జనాభా లెక్కల ప్రకారం హైదరాబాద్ జిల్లాలో చదరపు కిలోమీటరుకు ఉన్నది సుమారు 18 వేల మంది. హైదరాబాద్‌లో అంతస్తుల మీద అంతస్తులు ఉన్నాయి. కుతుపలాంగ్‌లో అన్నీ నేలబారు గుడిసెలే.

ఇదే లెక్కను తిప్పి చేయండి. మనిషికి వచ్చే స్థలం దాదాపు 21 చదరపు మీటర్లు. గుడిసె, నడిచే దారి, మరుగుదొడ్డి, బడి, ఆస్పత్రి, మురుగు కాలువ అన్నీ ఇందులోనే ఇమడాలి. శిబిరంలో మనిషికి 45 చదరపు మీటర్లు ఉండాలని అంతర్జాతీయ ప్రమాణం చెబుతుంది. ఇక్కడ అందులో సగం కూడా లేదు.

పదిహేను లీటర్లు

ఈ ప్రమాణాలు ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు?

1994 జులైలో ఆఫ్రికాలోని రువాండా నుంచి లక్షలాది మంది పొరుగుదేశమైన జైర్‌లోని గోమా పట్టణానికి పారిపోయారు. నేటి కాంగో ప్రజాస్వామిక గణతంత్రమే నాటి జైర్. గోమా చుట్టూ ఉన్నది గట్టి లావా రాయి. దానిలో బావి తవ్వలేరు, మరుగుదొడ్డికి గొయ్యి కూడా తీయలేరు. మొదటి నెలలోనే సుమారు 50 వేల మంది చనిపోయారు. వారిలో ఎక్కువమందిని చంపినవి తుపాకులు కావు, కలరా, రక్త విరేచనాలు. సహాయ సంస్థలు చాలా వచ్చాయి. అయితే ఎంత నీరు ఇవ్వాలి, ఎన్ని దొడ్లు కట్టాలి అనే విషయంలో అందరికీ ఒకే కొలత లేదు. ఆ చేదు అనుభవం తరవాత 1997లో సంస్థలన్నీ కూర్చొని కనీస ప్రమాణాలు రాయడం మొదలుపెట్టాయి. వాటినే స్ఫియర్ ప్రమాణాలు అంటారు.

వాటిలో కొన్ని చూడండి. తాగడానికి, వండడానికి, కడుక్కోవడానికి మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీరు. ఒక కుళాయికి 250 మందికి మించకూడదు. ఇంటి నుంచి కుళాయి అర కిలోమీటరు లోపు ఉండాలి. 20 మందికి ఒక మరుగుదొడ్డి. మనిషికి రోజుకు 2,100 కిలో కేలరీల ఆహారం.

పదిహేను లీటర్లంటే ఒక మామూలు బకెట్‌కు కొంచెం తక్కువ. మనలో చాలామంది ఒక్క స్నానానికే అంతకంటే ఎక్కువ వాడతాం. కాని 6 లక్షల మందికి ఇవ్వాలంటే? రోజుకు 90 లక్షల లీటర్లు. 10 వేల లీటర్ల ట్యాంకర్లు 900 కావాలి. ఇది రోజూ, వానయినా ఎండయినా, సెలవు లేకుండా. అలాగే దొడ్లు 30 వేలు కావాలి. ఇక మనిషికి రోజుకు లీటరు చొప్పున మలమూత్రాలు అనుకున్నా 6 లక్షల లీటర్లు. దాన్ని ఎక్కడో ఒకచోటికి చేర్చి, హాని చేయకుండా చేయాలి. ఊరు నెమ్మదిగా పెరిగితే ఈ పనులు కూడా నెమ్మదిగా పెరుగుతాయి. ఇక్కడ ఆ వ్యవధి లేదు.

బావికీ దొడ్డికీ మధ్య

2017లో మొదటి వారాలలో ఎవరికి తోచినట్లు వారు వేలాది గొట్టపు బావులు వేశారు. చేతిపంపు కొడితే నీళ్లు వచ్చేవి. కాని అవి లోతు తక్కువ బావులు. స్థలం లేక వాటి పక్కనే దొడ్లు కూడా కట్టారు. ఇళ్లలో నిలవ ఉంచిన నీటిని పరీక్షిస్తే చాలా నమూనాలలో మలంలో ఉండే బాక్టీరియా కనిపించింది.

దొడ్డి గుంటలోని ద్రవం నేలలోకి ఇంకుతుంది. ఇసుక, మట్టి జల్లెడలా పనిచేసి చాలా సూక్ష్మజీవులను పట్టి ఉంచుతాయి. మిగిలినవి ప్రయాణంలో కాలం గడిచేకొద్దీ చనిపోతాయి. అయితే ఆ జల్లెడకు తగినంత మందం ఉండాలి. అందుకే దొడ్డి గుంట నీటి వనరుకు కనీసం 30 మీటర్ల దూరంలో ఉండాలని, గుంట అడుగు భూగర్భ జలమట్టానికి కనీసం ఒకటిన్నర మీటరు పైన ఉండాలని నియమం. వర్షాకాలంలో జలమట్టం పైకి వస్తుంది. వేసవిలో సరిపోయిన గుంట జులైలో ప్రమాదకరం కావచ్చు.

అందువల్ల ఇంజనీర్లు పద్ధతి మార్చారు. భూమి లోపలి పొరల దాకా లోతైన బావులు వేశారు. సూర్యరశ్మితో నడిచే పంపులతో నీటిని కొండమీది ట్యాంకులకు ఎక్కించారు. అక్కడి నుంచి గురుత్వాకర్షణ చేతనే నీరు గొట్టాల ద్వారా కుళాయిలకు దిగుతుంది. పగలు ఎండ ఉన్నప్పుడు ట్యాంకు నిండుతుంది, రాత్రి కూడా నీరు ఉంటుంది. అంటే ఆ ట్యాంకు నీటినే కాదు, సూర్యశక్తిని కూడా నిలవ చేస్తున్నదన్న మాట!

ట్యాంకులో క్లోరిన్ కలుపుతారు. కలిపిన క్లోరిన్‌లో కొంత ఉన్న సూక్ష్మజీవులను చంపడంలో ఖర్చయిపోతుంది. మిగిలిన దానిని శేష క్లోరిన్ అంటారు. కుళాయి దగ్గర లీటరుకు 0.2 నుంచి 0.5 మిల్లీగ్రాముల శేష క్లోరిన్ ఉండాలి. ఎందుకంటే నీటి ప్రయాణం కుళాయి దగ్గర ముగియదు. బిందెలో ఇంటికి వెళుతుంది, రాత్రంతా నిలవ ఉంటుంది, దానిలో చేతులు పడతాయి. ఆ చివరి గుక్క వరకూ కాపలా కాయవలసింది ఈ శేష క్లోరినే. పరీక్షించడం తేలిక. కొంచెం నీటిలో ఒక రసాయన బిళ్ల వేస్తే గులాబీ రంగు వస్తుంది. రంగు చిక్కదనాన్ని బట్టి ఎంత ఉన్నదీ చెప్పవచ్చు. రంగు రాకపోతే కాపలాదారు లేడని అర్థం.

దొడ్లు నిండితే? 2019 మొదట్లో ఒకటిన్నర లక్షల మంది మలాన్ని శుద్ధి చేయగల కేంద్రాన్ని శిబిరంలోనే ప్రారంభించారు. మూసిన మడుగులలో గాలి అవసరం లేని బాక్టీరియా మలాన్ని కుళ్లబెడుతుంది. ఆ తరవాతి మడుగులలో నీరు తేరుకుంటుంది.

ఇంకొక సంగతి. దొడ్డి దూరంగా, చీకట్లో ఉంటే ఆడవాళ్లు రాత్రి వెళ్లడానికి భయపడతారు. వెళ్లనక్కర లేకుండా సాయంత్రం నుంచి నీళ్లు తాగడం మానేస్తారు. దానివల్ల జబ్బు చేస్తుంది. అందువల్ల దారిలో ఒక సౌరదీపం నిలబెట్టడం కూడా ఆరోగ్య కార్యక్రమమే.

బనగావ్‌లో ఉప్పూ, చక్కెరా

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా కొందరికి విరేచనాలు పట్టుకుంటాయి. అప్పుడు వారికిచ్చే మందు మీ అందరికీ తెలిసిందే, నీటిలో కలిపి తాగించే ఓఆర్ఎస్ పొడి. దాని శక్తి పెద్ద ఎత్తున రుజువైనది ఆస్పత్రిలో కాదు, కుతుపలాంగ్ వంటి ఒక కాందిశీకుల శిబిరంలోనే. ఆ కథ కోసం అర్ధ శతాబ్దానికి పైగా వెనక్కి, మన దేశంలోకే రావాలి.

1971లో తూర్పు పాకిస్తాన్‌లో యుద్ధం వల్ల దాదాపు కోటి మంది భారతదేశానికి తరలి వచ్చారు. పశ్చిమ బెంగాల్ సరిహద్దున ఉన్న బనగావ్‌లో కలరా ప్రబలింది. కలరా రోగి కొద్ది గంటలలోనే లీటర్ల కొద్దీ నీటిని, లవణాలను కోల్పోతాడు. అప్పటి చికిత్స నరంలోకి సెలైన్ ఎక్కించడం. దానికి సీసాలు, సూదులు, శిక్షణ ఉన్నవారు కావాలి. రోగులు నేలమీద పడి ఉన్నారు. సెలైన్ అయిపోవస్తున్నది.

అక్కడ పనిచేస్తున్న యువ శిశువైద్యుడు దిలీప్ మహలనబిస్ ఒక సాహస నిర్ణయం తీసుకున్నారు. లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, మూడున్నర గ్రాముల ఉప్పు, రెండున్నర గ్రాముల తినేసోడా చొప్పున పొట్లాలు కట్టించారు. ఆ ద్రావణాన్ని కుళాయిలున్న డ్రమ్ములలో పోశారు. రోగుల తల్లులూ, అన్నదమ్ములే గ్లాసులతో పట్టుకొని తాగించారు. నోటిద్వారా ఇచ్చే ద్రావణం పనిచేస్తుందని అంతకు ముందే ఢాకా, కలకత్తా పరిశోధనలలో తెలిసింది. అయితే డాక్టరు పక్కన లేకుండా, ఇంతమందికి ఇవ్వవచ్చునని చాలామంది నమ్మలేదు. ఫలితం ఏమిటి? అంతకు ముందు నూటికి 30 మంది వరకు చనిపోతుండగా, ఈ ద్రావణం తాగిన 3 వేల పైచిలుకు రోగులలో మరణాలు నూటికి నాలుగు లోపే.

ఉప్పు నీళ్లు మాత్రమే ఇస్తే ఎందుకు చాలదు? కలరా విషం ప్రేగు కణాల చేత నీటిని బయటికి కక్కిస్తుంది. అయితే ఆ కణాల గోడలో ఒక ద్వారం మాత్రం చెడకుండా ఉంటుంది. సోడియం, గ్లూకోజు జంటగా వస్తేనే ఆ ద్వారం గుండా లోపలికి వెళ్లగలవు. అవి వెళ్లగానే మీరు పాఠంలో చదివిన ద్రవాభిసరణ వల్ల నీరు వాటి వెనకే వెళుతుంది. కాబట్టి చక్కెర ఉన్నది రుచికి కాదు, తలుపు తీయడానికి!

మహలనబిస్ 2022లో మరణించారు. 2023లో ఆయనకు మరణానంతరం పద్మవిభూషణ్ ప్రకటించారు. నేడు కుతుపలాంగ్‌లో పంచే పొట్లం, మన ఊళ్లో ఆశా కార్యకర్త ఇచ్చే పొట్లం రెండూ ఆ బనగావ్ పొట్లానికి వారసులే.

కలరా రాకముందే ఆపడానికి 2017 అక్టోబరు, నవంబరులలో శిబిరంలో నోటిద్వారా ఇచ్చే టీకా మందు 9 లక్షల మోతాదులు పంచారు. భయపడినంత పెద్ద కలరా ఉప్పెన అప్పుడు రాలేదు. కాని మరో శత్రువు వచ్చింది. పిల్లలకు క్రమంగా టీకాలు పడని ప్రాంతం నుంచి వచ్చినవారు కావడంతో ఆ సంవత్సరం చివర కంఠసర్పి, అంటే డిఫ్తీరియా, వ్యాపించి నలభై మందికి పైగా చనిపోయారు. టీకా ఆగితే అటువంటి జబ్బులు తిరిగి వస్తాయి.

కొండ, అడవి, నిప్పు

కాక్స్ బజార్‌లో ఏడాదికి సుమారు మూడున్నర మీటర్ల వర్షం పడుతుంది. హైదరాబాద్‌లో ఒక మీటరు కూడా పడదు. అంత వానకు ఆ కొండలు నిలబడింది చెట్ల వేళ్ల వల్ల. గుడిసెల కోసం చెట్లు కొట్టారు. వంటచెరకు కోసం మొద్దులు, వేళ్లు కూడా పెకలించారు. మట్టిని కట్టి ఉంచే తాళ్లు తెగిపోయాయి. తడిసిన మట్టి బరువు పెరుగుతుంది. రేణువుల మధ్య నీరు చేరి పట్టు తగ్గుతుంది. ఇక కొండ జారుతుంది. 2021 జులై చివరలో ఒక్క రోజులోనే 300 మిల్లీమీటర్ల వర్షం కురిసి, కొండచరియలు గుడిసెల మీద పడి మనుషులు మరణించారు.

దీనికి చేసిన చికిత్సలో మనకు బాగా తెలిసిన ఒక గడ్డి ఉంది. అది వట్టివేరు! వేసవిలో మన ఇళ్లలో తడికెలు కట్టి నీళ్లు చల్లేది దాని వేళ్లతోనే. ఆ వేళ్లు అడ్డంగా కాక నిలువుగా, రెండు మూడు మీటర్ల లోతుకు దిగుతాయి. వాలు మీద వరుసలుగా నాటితే మట్టికి మేకులు కొట్టినట్లే.

వంటచెరకు కోసం అడవికి పోవడంలో మరొక ప్రమాదం ఉంది. ఈ శిబిరం ఆసియా ఏనుగులు మయన్మార్ వైపు రాకపోకలు సాగించే దారి మీద వెలిసింది. తమ దారిలో గుడిసెలు కనిపించి బెదిరిన ఏనుగుల వల్ల మొదటి నెలలలో పలువురు చనిపోయారు. తరవాత వెదురు మంచెలు కట్టి, శరణార్థులలోనే కొందరికి శిక్షణ ఇచ్చారు. ఏనుగు కనిపిస్తే వాళ్లు జనాన్ని పక్కకు తప్పించి, దానిని మెల్లగా అడవిలోకి మళ్లిస్తారు. 2018 నుంచి వంటగ్యాసు ఇవ్వడం ప్రారంభించాక కట్టెల అవసరం తగ్గింది, పొగ తగ్గింది, బోడి కొండలు మళ్లీ పచ్చబడసాగాయి. ఒక్క గ్యాసు పొయ్యి ఊపిరితిత్తులనూ, కొండనూ, ఏనుగునూ కాపాడుతున్నది!

అయినా వెదురు, ప్లాస్టిక్ మండే వస్తువులే. 2021 మార్చి 22న శిబిరంలో మంటలు లేచి 15 మంది మరణించారు, 45 వేల మంది నిలువనీడ కోల్పోయారు. గుడిసెకూ గుడిసెకూ మధ్య ఖాళీ ఉంటే నిప్పు ఆగుతుంది. కాని మనిషికి 21 చదరపు మీటర్లున్న చోట ఖాళీ ఎక్కడి నుంచి వస్తుంది? స్థలం లెక్క చివరికి నిప్పు లెక్కగా మారుతున్నది.

లెక్క తెలిసినా

శిబిరంలో నివసించేవారికి బయటికి వెళ్లి చట్టబద్ధంగా ఉద్యోగం చేసుకొనే హక్కు లేదు. తిండి కోసం ఐక్యరాజ్య సమితి ప్రపంచ ఆహార కార్యక్రమం ఇచ్చే నెలసరి మొత్తంపైనే ఆధారపడాలి. అది మనిషికి నెలకు 12 డాలర్లు ఉండేది. విరాళాలు తగ్గడంతో 2023 మార్చిలో 10కి, జూన్‌లో 8కి తగ్గించారు. 2024లో మళ్లీ పెంచారు. మనిషికి ఎన్ని కేలరీలు కావాలో ఈ మధ్యలో సైన్సు మార్చుకోలేదు. పిల్లల కడుపులూ మారలేదు. మారింది డబ్బు ఒక్కటే.

బడి సంగతీ అంతే. తొలి ఏళ్లలో పిల్లలకు వెదురు పాకలలో ఆటపాటలతో కూడిన చదువే దొరికింది. 2021 చివరి నుంచి మయన్మార్ పాఠ్యప్రణాళిక ప్రకారం తరగతులు మొదలయ్యాయి. ఎప్పటికైనా ఇంటికి తిరిగి వెళితే ఆ చదువు పనికి రావాలని వారి కోరిక. 2025లో నిధులు లేక చాలా అభ్యాస కేంద్రాలు మూతపడ్డాయి. మరోవైపు 2024 నుంచి రఖైన్‌లో యుద్ధం వల్ల మరో లక్షన్నర మంది వచ్చారు. అదే 13 చదరపు కిలోమీటర్లూ, ఆ పక్కనున్న చిన్న శిబిరాలూ వీరికి కూడా చోటు ఇవ్వాలి.

పదిహేను లీటర్లు, ముప్పై మీటర్లు, అర మిల్లీగ్రాము. ఇవి మనిషి హాయిగా బతకడానికి పెట్టిన కొలతలు కావు, చావకుండా ఉండడానికి పెట్టినవి. గోమాలో, బనగావ్‌లో పోయిన ప్రాణాలే వాటిని మనకు నేర్పాయి. ఏం చేయాలో ఇప్పుడు తెలుసు. తెలిసినది ప్రతిరోజూ, ప్రతి గుడిసెకూ అందించడమే మిగిలిన పని. ఆ పనికి సైన్సుతో పాటు ఇచ్చే చేతులు కూడా కావాలి.

మీరే చేసి చూడండి

1. మీ ఇంట్లో ఒక రోజు వాడే నీటిని బకెట్లతో కొలిచి, మనిషికి ఎన్ని లీటర్లో లెక్క కట్టండి. మరునాడు మనిషికి 15 లీటర్లతో గడపడానికి ప్రయత్నించండి. ముందుగా ఏ పని ఆగిపోయింది?

2. మీ ఊళ్లో ఒక బావికీ, దానికి దగ్గరలో ఉన్న మరుగుదొడ్డి గుంటకూ మధ్య దూరాన్ని అడుగులతో కొలవండి. 30 మీటర్లుందా?

3. మీ బడిలో ఎంతమంది విద్యార్థులున్నారు? శిబిర నివాసులకు పెట్టిన లెక్కనే తీసుకొని 20 మందికి ఒకటి చొప్పున అనుకుంటే ఎన్ని దొడ్లు ఉండాలి? ఎన్ని ఉన్నాయి? ఎన్నింటిలో నీళ్లు వస్తున్నాయి?

4. ఓఆర్ఎస్ పొట్లం దొరకనప్పుడు, లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపాలి. టీచెంచా వాడండి, తలకొట్టి కొలవండి. ఉప్పు ఎక్కువైతే హాని చేస్తుంది. రోగి నీరసించిపోతే ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకుపోవాలి. ఈ కొలతను ఇంట్లో అందరికీ కంఠతా వచ్చేదాకా చెప్పండి.